పద్యం వెనక పెట్టె: నాటక పద్యాల మీద ఒక హార్మోనిస్టు అభిప్రాయాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తారు, ఊళ్ళో తిరునాళ్ళకి కురుక్షేత్రం, సత్యహరిశ్చంద్ర వేస్తున్న ట్రూపు వాళ్ళు మిమ్మల్ని హార్మోనియం మీద కూర్చోమన్నారు, ఈ పాత పద్యాల్లో నిజంగా సరుకున్నవి ఏవి, ఊరికే పేరు మోసినవి ఏవి, వెనక వాయించేవాడు ఏం చూసుకోవాలి అని. నేను గుంటూరు, ప్రకాశం జిల్లాల స్టేజీల మీద చాలా ఏళ్ళుగా పెట్టె ముందు, అంటే హార్మోనియం ముందు, కూర్చుంటున్నవాణ్ణి. అందుకని నా అభిప్రాయాలన్నీ పెట్టె వైపు నుంచి చూసినవే. సాహిత్య విమర్శ కావాలంటే పండితుల్ని అడగండి, నాకంటే బాగా చెప్తారు.

సినిమా పాట వాయించే చేతికి పద్యం దగ్గర మొదట వచ్చే ఇబ్బంది తాళం లేకపోవడం. పాటలో నాలుగు లెక్కపెట్టుకుంటే ఎక్కడ దూరాలో తెలుస్తుంది. పద్యంలో లెక్క వేరు, అక్షరాల్లో ఉంటుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు. చంపకమాలకి 21, యతి పదకొండు. శార్దూలానికి 19, యతి పదమూడు. మత్తేభానికి 20, యతి పద్నాలుగు. ఈ నాలుగూ వస్తే స్టేజి మీద వినపడే వృత్తాల్లో ముప్పాతిక భాగం వచ్చినట్టే. చాలామంది హార్మోనిస్టులు ఇక్కడితో ఆగిపోతారు, పాదం అయిందా, గాయకుడు దీర్ఘం తీశాడా, వెంటనే పెట్టెతో ఒక బిట్టు అందుకున్నామా, అంతే. నా గొడవంతా అక్కడే.

ఎందుకంటే కురుక్షేత్రంలో పాడే కృష్ణుడి పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల దగ్గర పాదం అయిపోయిన చోట మాట అయిపోదు. అందరికీ నోటికి వచ్చిన ‘అలుగుటయే యెరుంగని’ తీసుకోండి. రాయబారంలో కృష్ణుడు ధర్మరాజు గురించి చెప్పే చంపకమాల. మొదటి పాదం ‘అజాతశత్రుడే’ దగ్గర అయిపోతుంది, కానీ ఆయన ఏం చేస్తే ఏమవుతుందో ఇంకా చెప్పలేదు, ‘యలిగిననాడు’ అనేది రెండో పాదంలో ఉంది. రెండో పాదం ఇంకా చోద్యం. సాగరాలన్నీ ఏకమవుతాయని చెప్పి ‘క’ అనే ఒక్క అక్షరంతో ఆగుతుంది, మూడో పాదం ‘ర్ణులు’ అని మొదలవుతుంది. అంటే కర్ణుడి పేరు రెండు ముక్కలై చెరో పాదంలో పడింది. ఇప్పుడు గాయకుడు ఆ ‘క’ మీద నిలబడి పైషడ్జం దాకా రాగం తీసి, జనం చప్పట్లు కొట్టి, మీరు ఒక బిట్టు వాయించి, ఆ తర్వాత ఆయన ‘ర్ణులు పదివేవురైన’ అని ఎత్తుకుంటే వినేవాడికి ఏం అర్థమవుతుంది? పదివేలమంది కర్ణులొచ్చినా చస్తారు అని దుర్యోధనుడి మొహం మీద చెప్పాల్సిన మాట అది. ఆ పద్యంలో అంతకంటే పెద్ద దెబ్బ లేదు, దాన్ని మనమే మధ్యలో నరికేస్తున్నాం.

కాబట్టి అక్కడ పెట్టె ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. కుడిచెయ్యి రీడ్ల మీద నుంచి తీసెయ్యండి, ఎడమచేత్తో షడ్జం ఒక్కటి సన్నగా పట్టుకోండి, గాలి తగ్గించండి. వెనక సంగీతం రావట్లేదని తెలిస్తే గాయకుడు ఆ ‘క’ మీద ఎక్కువసేపు నిలబడలేడు, తనే మూడో పాదంలోకి దిగుతాడు. ఊపిరి కావాలంటే ‘గాకపోవు’ తర్వాత పీల్చుకుని ‘కర్ణులు’ అని ఒకే మాటగా ఎత్తుకోమనండి. ఛందస్సు ఏమీ చెడదు. నేను పనిచేసిన గాయకుల్లో కొందరికి ఇది మొదట రుచించలేదు, పాదాంతం దీర్ఘం పోతే పద్యం ఎత్తు తగ్గుతుందని వాదించారు. ఒక్క రిహార్సల్లో అర్థం తెలిసేలా పాడి చూడమంటే ఎత్తు తగ్గలేదని వాళ్ళకే తెలిసింది. అన్నట్టు రెండో పాదంలో యతి స్థానంలో ఉన్న ‘అ’ కూడా ‘సాగరములన్నియు’ లోపల దాక్కుని ఉంటుంది, అక్కడ కూడా ఆపితే మాట విరుగుతుంది. నా లెక్కలో స్టేజి పద్యాలన్నిటిలోకి ఇదే పెద్దది. బెదిరింపు అయ్యుండి గొంతు పెంచనక్కర్లేని పద్యం, నెమ్మదిగా చెప్తేనే భయం పుడుతుంది.

‘చెల్లియో చెల్లకో’ దానికి ఒక మెట్టు కిందే, కానీ హార్మోనిస్టుకి మంచి పద్యం, ఎందుకంటే మొదటి పాదం చివర మాట నిజంగానే ఆగుతుంది. మీకు ఒక చిన్న బిట్టుకి చోటుంది, వాడుకోండి. రెండో పాదం చివర మాత్రం ‘సంధి సేయ’ అయ్యాక ఒక ‘నీ’ వేలాడుతూ ఉంటుంది, అది మూడో పాదంలోని ‘పిల్లలు పాపలున్’కి చెందింది. ఆ ‘నీ’ మీద రాగాలు తీసేవాళ్ళు తిరునాళ్ళకి పదిమంది దొరుకుతారు. నీ పిల్లలు, నీ పాపలు అని దగ్గరగా చెప్పాల్సిన ‘నీ’ అది. ఇక చివరి పాదం. ఏదో ఒకటి తేల్చి చెప్పు కౌరవేశ్వరా అని అడిగే చోట రాగం పైకి తీసుకెళ్ళి వదిలేస్తారు. నాకైతే ప్రశ్నని ప్రశ్నలాగే వదిలి, దుర్యోధనుడు నోరు తెరిచేదాకా పెట్టె మూగగా ఉంటేనే ఇష్టం. ఆ రెండు మూడు క్షణాల నిశ్శబ్దానికి కొత్తవాళ్ళకి టెన్షన్ వస్తుంది, వేలు దానంతట అదే రీడ్ మీదకి పోతుంది. పోనివ్వకండి.

‘జెండాపై కపిరాజు’ గురించి నా మాట చాలామందికి నచ్చదు. పద్యం గొప్పదే, శార్దూలం, నాలుగు పాదాలూ కలిసి ఒకటే వాక్యం, జెండా మీద కోతి, ముందు తెల్లగుర్రాలు, కొరడా పట్టి తోలే నేను (కృష్ణుడు), గాండీవం పట్టిన అర్జునుడు అని ఒక్కొక్క బొమ్మా పేర్చుకుంటూ వెళ్ళి చివరికి ‘నీ మొర ఆలకించేవాడు ఒక్కడూ ఉండడు’ దగ్గర దించుతుంది. రాసిన చెయ్యి మామూలుది కాదు. నా తగాదా పాడే పద్ధతితో. మొదటి అక్షరానికే ‘జెం...డా’ అని తారస్థాయికి వెళ్ళిపోతే మిగతా మూడు పాదాలకి ఎక్కడికి వెళ్తారు? మూడో పాదం చివర ‘అప్పుడొ’, నాలుగో పాదం మొదట ‘క్కండున్’, ఇక్కడా మాట విరిగింది, ఇక్కడా జనం చప్పట్లు విరిగిన చోటే. వన్స్ మోర్ కోసం పాడి పాడి అరిగిపోయిన పద్యం ఇది. మీ కృష్ణుడు మాట వినే మనిషైతే కింద మొదలుపెట్టి గాండీవం దగ్గర పైకి రమ్మనండి. వినకపోతే వాదన పెట్టుకోకండి, ఆయన్నే చూడ్డానికి వచ్చిన జనం అది.

పడక సీనులో ‘బావా యెప్పుడు వచ్చితీవు’ నిజానికి కుశలప్రశ్న. నిద్ర నటించిన కృష్ణుడు లేచి, దుర్యోధనుణ్ణి అన్నదమ్ములు బాగున్నారా, కర్ణుడు బాగున్నాడా, భీష్మద్రోణులు క్షేమమా అని అడుగుతున్నాడు. లోపల కొంటెతనం ఉంది. దాన్ని కచేరీ చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. మోహన లాంటి తేలిక రాగం ఇచ్చి, చమత్కారంగా, దాదాపు మాట్లాడినట్టే పోనివ్వాలి. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి రికార్డుల్లో అయినా వినండి, ప్రతి మాటా విడిగా వినపడుతుంది, రాగం మాట కింద చాపలా పరుచుకుని ఉంటుంది. కల్యాణం రఘురామయ్యగారి కృష్ణుడి దారి వేరు, ఆయన ఈలపాటతోనే సగం కృష్ణుడైపోయేవారు, గాత్రం కూడా అంతటిది. ఆయన్ని అనుకరించాలని చూసే కుర్ర గాయకులకి నేను చెప్పేది ఒకటే, ముందు ఆ గొంతు తెచ్చుకోండి అని.

ఇక హరిశ్చంద్ర. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కానీ కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాల్లో ముఖ్యమైనవి ఆయన రాసినవి కావు, జాషువాగారి శ్మశానవాటి ఖండికలోవి. నటులు తెచ్చి సీనులో పెట్టుకున్నారు, అవి అక్కడే పుట్టాయా అన్నట్టు కుదిరిపోయాయి. ‘ఇచ్చోటనే’ అని మొదలయ్యే సీసం హార్మోనిస్టుకి పండగ, కారణం చాలా సింపుల్. పాదం పాదానికీ మాట పూర్తవుతుంది. కవి కలం కరిగిపోయింది, ఆగు. రాజు ముద్ర అంతరించింది, ఆగు. లేత ఇల్లాలి నల్లపూసలు, ఆగు. ప్రతిసారీ క్రియతో ముగించి మళ్ళీ ‘ఇచ్చోటనే’ అని మొదటికి వస్తాడు. పైన చెప్పిన కృష్ణుడి పద్యాల్లో మనకి లేని ఖాళీ ఇక్కడ కవే ఇచ్చాడు. అందుకే ఇక్కడ బిట్టు వాయిస్తే అతికినట్టుంటుంది, అక్కడ వాయిస్తే అడ్డొస్తుంది. కానీ ప్రతి ఖాళీలోనూ అదే బిట్టు తిప్పకండి. మొదటి పాదం తర్వాత కొంచెం నిండుగా, తర్వాత తగ్గిస్తూ, నాలుగోదానికి ఒట్టి స్వరం మాత్రం నిలిపితే, సీసం కింద వచ్చే చిన్న గీతపద్యానికి వచ్చేసరికి శ్మశానం శ్మశానంలా ఉంటుంది. రాగం శుభపంతువరాళి అని చాలామంది పట్టుకుంటారు, తప్పేం కాదు, నాకు చక్రవాకం ఇంకా ఇష్టం, ఏడుపు తక్కువ, వైరాగ్యం ఎక్కువ. డి.వి. సుబ్బారావుగారి కాటిసీను ఎక్కడ దొరికినా వినండి.

బలిజేపల్లి వారి సొంత పద్యాల్లో ‘మాయామేయ జగంబె’ మంచిదే, కాకపోతే వేదాంతం బరువు మొత్తం పాడేవాడి మీద పడుతుంది, గాయకుడు పెద్దవాడైతేనే నిలబడుతుంది.

పాటల సంగతి వేరే. పద్యం పాదం మీద నడిస్తే పాట తాళం మీద నడుస్తుంది, అది మీకు కొట్టిన పిండే. అయితే ఆ మెట్లు, అంటే బాణీలు, ఎక్కడివో కొంచెం తెలిస్తే వాయించే చెయ్యి మారుతుంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు రాజమండ్రిలో ఆడి వెళ్ళిపోతే, వాళ్ళు వేసి వదిలేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగంగారు తన విద్యార్థులతో నాటకం ఆడించారు. ఆ తర్వాత బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు పద్యాలూ పాటలూ పెట్టి నాటకాలు రాశారు, ఆడించారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారి సురభి నాటక సమాజం వాళ్ళు ఆడడం మొదలుపెట్టారు. పార్సీ నాటక కంపెనీలు తిరిగేవి, వాటి బాణీలు మనవాళ్ళ చెవిలో పడ్డాయి. అందుకే పాత నాటక పుస్తకాల్లో పాట నెత్తిన రాగం, తాళంతో పాటు ‘ఫలానా పాట మెట్టు’ అని కూడా కనపడుతుంది. మన స్టేజి పాటలో కాపీ, పీలు, బేహాగ్, భీంపలాస్ అంతగా వినపడడానికి ఒక కారణం అది. రెండో కారణం మన పెట్టే. హార్మోనియంలో స్వరం ఎక్కడుంటే అక్కడే ఉంటుంది, తోడి గాంధారాన్ని ఊపమంటే ఊగదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలేసి 1971 దాకా రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. రేడియో వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. కానీ నాటకానికి కావలసింది గమకం, అంటే స్వరాన్ని ఊపడం, కాదు, అర్ధరాత్రి దాటాక కూడా కదలని శృతి, చివరి వరస దాకా వినపడే గొంతు. ఆ రెండూ ఇది ఇచ్చింది. నిలువు స్వరాలతో అందం వచ్చే రాగాలు స్టేజి మీద స్థిరపడ్డాయి, మిగతావి జారిపోయాయి.

పాటల్లో నా ఓటు ‘మీరజాలగలడా’కి. శ్రీకృష్ణ తులాభారం నాటకం ముత్తరాజు సుబ్బారావుగారిదే, ఈ పాట మాత్రం సత్యభామ వేసిన స్థానం నరసింహారావుగారు తన కోసం తాను కట్టుకున్నది. నటుడు తన నడక, తన చూపు, తన జడ లెక్కలో పెట్టుకుని రాసుకున్న పాట అని వాయిస్తుంటే తెలిసిపోతుంది. పల్లవి చిన్నది, ఎన్నిసార్లు తిప్పినా ప్రతిసారీ ఒక కొత్త అర్థానికి చోటుంది, గర్వం, ధీమా, అలక, చిన్న అనుమానం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 1966 సినిమాలో సుశీలగారు పాడింది అందరి చెవుల్లో ఉంది, కుర్రవాళ్ళు ఆ సినిమా బీజీఎం మొత్తం కీబోర్డులో పెట్టుకుని వస్తారు. సినిమాలో కెమెరా కట్ అవుతుంది కాబట్టి ఆ బిట్టు నిండుతుంది. స్టేజి మీద ఆ టైములో సత్యభామ ఏం చెయ్యాలి? నిలబడి ఉండాలి. ఆమె చెయ్యి కదిలినప్పుడు పల్లవి తిప్పండి, ఆమె ఆగితే ఆగండి, కళ్ళు రీడ్ల మీద కాకుండా నటి మీద ఉండాలి.

చింతామణి నాటకం పాటలు కూడా అడిగారు. కాళ్ళకూరి నారాయణరావుగారి పద్యాల్లో పట్టు ఉంది, ముఖ్యంగా భవానీశంకరుడి పాత్రవి. కానీ స్టేజి మీద అది కాలక్రమాన జోకుల నాటకంగా మారిపోయింది, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది కూడా. సంగీతం గురించి దాంట్లో కొత్తగా నేర్చుకునేది మీకు పెద్దగా ఉండదు.

శృతి గురించి. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు, తెల్లవారుజామున ఏడుస్తారు. మైకులు లేని రోజుల్లో చివరివాడికి వినపడాలి కాబట్టి పెద్దవాళ్ళు నాలుగు, ఐదు లాంటి ఎత్తు శృతుల్లో పాడారు. వాళ్ళ గొంతులు అలా తయారయ్యాయి. ఇప్పుడు మైకుంది, అయినా ఐదున్నరలో పాడితేనే మగాడన్నట్టు మాట్లాడతారు. రాత్రి పదింటికి బాగానే ఉంటుంది, రెండింటికి గొంతు చీలుతుంది. రిహార్సల్లో ఆయన చెప్పిన శృతికి అర మెట్టు తక్కువ పెట్టి చూడండి, హాయిగా ఉంటే అదే ఖాయం చెయ్యండి. ఇంకో తలనొప్పి, కురుక్షేత్రానికి కృష్ణుడు ఒక్కడు ఉండడు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, ఒక్కోసారి యుద్ధానికి మూడో ఆయన. ముగ్గురికీ మూడు శృతులు. మీకు స్కేల్ ఛేంజరో, కీబోర్డులో ట్రాన్స్‌పోజో ఉంటుంది, తబలిస్టుకి ఉండదు, పాపం సుత్తి పట్టుకుని సీను మధ్యలో కొట్టుకోవాలి. ముందే ఎవరి శృతి ఎంతో కాగితం మీద రాసి తబలా ఆయనకి ఇవ్వండి, రెండో కుడితబలా తెచ్చుకుంటాడు.

వన్స్ మోర్ అన్నప్పుడు నటుడు ఒప్పుకుంటే వాయించక తప్పదు. నాకు ఇష్టమా అంటే, కాదు. పాతతరం పెద్ద నటుడు బళ్ళారి రాఘవగారు పద్యం సాగదీసి పాడే పద్ధతినే తప్పుపట్టారు, నటన మాటలో ఉండాలని ఆయన పట్టు. నేను అంత దూరం పోను, పోతే నా కూడు పోతుంది. కానీ దుర్యోధనుడు సమాధానం చెప్పబోతుంటే కృష్ణుడు వెనక్కి తిరిగి అదే బెదిరింపు మళ్ళీ పాడడం చూస్తే రాఘవగారు గుర్తొస్తారు. రెండోసారికి ముందు ఆలాపన వాయించకండి, నేరుగా షడ్జం ఇచ్చి ఎత్తుకోమనండి, సీను తొందరగా దారిలో పడుతుంది.

రిహార్సల్‌కి వెళ్ళేటప్పుడు పద్యాల పుస్తకం ఒకటి మీది మీరు తీసుకెళ్ళండి. పాడేముందు ప్రతి పద్యాన్నీ గాయకుడి చేత వచనంలా ఒకసారి చదివించండి, ఆయన మాట ఎక్కడ ఆపితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. స్టేజి మీద ఆ గీతల దగ్గరే మీ చెయ్యి లేవాలి, పాదం ఎక్కడ అయిందన్నది చూడకండి. తబలా పద్యంలో ఉండదు, చివర ముక్తాయింపుకి మాత్రం వస్తుంది, ఆ సైగ తబలిస్టుకి మీరే ఇవ్వాలి, తలతో ఇస్తారో ఎడమచేత్తో ఇస్తారో ముందే అనుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మీ కీబోర్డులో రిథమ్ బటన్ ఉంటుంది కదా, దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించండి, పొరపాటున వేలు తగిలితే కాటిసీనులో డిస్కో మొదలవుతుంది.